ఎండుకొమ్మ చెప్పిన సాక్ష్యం

తెలతెలవారుతుండగా హౌరా వైపు పోయే బండి ఖరగ్‌పూరులో ఆగుతుంది. నిద్రకళ్ళతో కిందికి దిగిన ప్రయాణికుణ్ణి బెంగాలీతోపాటు తెలుగు మాట కూడ పలకరిస్తుంది. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీవారు 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడ పెద్ద వర్క్‌షాపు నిర్మించిన నాటినుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు పని వెతుక్కుంటూ ఈ ఊరికి వలస వచ్చాయి. ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్‌లుగా చేరినవారి మనుమలు, మునిమనుమలు నేడు బజారులో బెంగాలీ, ఆఫీసులో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఇక్కడే పాతుకుపోయారు. మొక్కల భాషలో చెప్పాలంటే, ఈ నేలకు అలవాటు పడ్డారు.

ఈ మొక్కల పోలిక నాకు ఊరకనే తట్టలేదు. ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారం పొడవు 1,072 మీటర్లకు పైమాటే. 2013లో గోరఖ్‌పూరు దానిని మించిపోయేవరకు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారంగా దానికి పేరుండేది. 2023లో హుబ్బళ్ళి వచ్చి ఆ రెండింటినీ వెనుకకు నెట్టింది. ఆ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచే ఓపిక సాధారణంగా ఎవరికీ ఉండదు. చేతిలో సామాను లేదు, ఎక్కవలసిన బండి రావడానికి రెండు గంటల వ్యవధి ఉంది. అందుచేత నేను నడిచాను.

సిమెంటు నేల ముగిసి, పట్టాల పక్కన కంకర, ఎర్రమట్టి మొదలయ్యే చోట మోకాలెత్తు మొక్కలు గుంపులు గుంపులుగా నిలిచి ఉన్నాయి. ఒకటి సన్నని తెల్లపూల కంకులను నిటారుగా నిలబెట్టే మొక్క. బెంగాలీలు దానిని బన్‌తులసి, అంటే అడవి తులసి అంటారు. తులసికీ దానికీ బంధుత్వం ఏమీ లేదు. రెండవది వయ్యారిభామ. కారట్ ఆకువంటి ఆకు, బియ్యపు నూకవంటి తెల్లపూలు. ఆ పేరు పెట్టినవాడెవడో రసికుడే గాని, ఆమె తాకిడికి ఒళ్ళు దద్దుర్లెక్కిన రైతు ఆ వయ్యారాన్ని మెచ్చుకోడు. మూడవది ముళ్ళ ఆకులు, పసుపుపచ్చని పూలు గల బ్రహ్మదండి. బెంగాలీలో దాని పేరు శియాల్‌కాఁటా, అనగా నక్కముల్లు.

ఈ మూడింటిలో ఏ ఒక్కటీ మన దేశానిది కాదు. మూడింటి పుట్టిల్లూ సముద్రాల కావల ఉన్న అమెరికా ఖండాలే. పేర్లు చూస్తే తులసి, బ్రహ్మ! మరి ఇవి పరాయివని మనకెవరు చెప్పారు? ఏ రాజశాసనమూ చెప్పలేదు. కాగితానికి అంటించిన ఎండుకొమ్మలు చెప్పాయి.

ఆ ఎండుకొమ్మల భాండాగారాన్ని హెర్బేరియం అంటారు. అది సాక్ష్యం ఎలా చెప్పగలదో తెలుసుకోవడానికి రైలుకట్ట మీద కనిపించని మరొక అమెరికా మొక్క కథ వినడం మేలు. పేరు పోక్‌వీడ్. మన పోకచెక్కతో దానికి పొత్తు లేదు. ఉత్తర అమెరికా తూర్పు తీరపు ఆదివాసుల భాషలో రంగునిచ్చే మొక్కకు ఉన్న పేరునుంచి ఈ పోక్ అనే మాట పుట్టింది. ఎరుపెక్కిన కాడలు, మనిషిని మించిన ఎత్తు, వేలాడే గుత్తులకు నిండుగా ముదురు ఊదారంగు పండ్లు. ఆ పండ్ల రసాన్ని వెనుకటివారు సిరాగా వాడారు. వేరు విషం, పండు విషం. లేత చిగుళ్ళను మాత్రం నీళ్ళు మార్చి మార్చి ఉడకబెట్టి అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదలు కూరగా తినేవారు.

శాస్త్రజ్ఞులు దీని ప్రజాతికి పెట్టిన పేరు ఫైటోలక్కా. తెలుగు పాఠకులకు ఈ పేరులో సగం తెలిసినదే. ఫైటో అంటే గ్రీకులో మొక్క. రెండవ సగం మన లక్క! సంస్కృతపు లాక్ష ప్రాకృతాలలోనుంచి, దేశభాషలలోనుంచి వర్తకుల నోళ్ళ మీదుగా ఐరోపా చేరి లాకా అయింది. పండ్లరసం లక్కరంగులో ఉన్నదని ఈ అమెరికా కలుపుమొక్కకు మన మాట తగిలించారు. ఒక ఖండపు మొక్కకు మరొక ఖండపు మాట పేరు కావడం చిత్రమే. ఖరగ్‌పూరుకు వాయవ్యాన ఉన్న పురూలియా, ఝార్ఖండ్ అడవులలో నేటికీ లక్క పండుతుంది.

ఫైటోలక్కా జాతులన్నీ అమెరికావే కావు. హిమాలయాలలో పెరిగే ఒక జాతికి ఫైటోలక్కా అసినోసా అని పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బరో. ఈ పేరు సామర్లకోట వాస్తవ్యులకు కొత్తది కాకూడదు. స్కాట్లండు దేశస్థుడైన ఈ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781లో సామర్లకోట చేరి, పన్నెండేళ్ళపాటు గోదావరి ప్రాంతపు చెట్టూ చేమా పరిశీలించాడు. స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించాడు. వాటి తెలుగు పేర్లను జాగ్రత్తగా నమోదు చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన సిద్ధపరచిన గ్రంథం 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో లండనులో వెలువడింది. అయితే దానికి ముందు ఒక ఉపద్రవం జరిగింది. 1787లో కోరంగిని ముంచెత్తిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, కాగితాలు, సేకరించిన నమూనాలు నీటిపాలయ్యాయి. ఆ ఎండుమొక్కలలో ఏముండేదో ఇక ఎవరికీ తెలియదు. మొక్క మళ్ళీ మొలవవచ్చు, కాని ఫలానా సంవత్సరం ఫలానా చోట అది ఉన్నదన్న రుజువు ఒకసారి పోతే మళ్ళీ మొలవదు.

రాక్స్‌బరో అధైర్యపడలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు. 1793లో కలకత్తాకు ఎదురుగా హుగ్లీ ఒడ్డున శిబ్‌పూరులోని వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్ళాడు. కర్నల్ రాబర్ట్ కిడ్ 1787లో నాటిన ఆ తోటకు నేడు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేరు ఉన్నది. ఖరగ్‌పూరునుంచి హౌరాకు రైలులో రెండు గంటలు పట్టవచ్చు, అక్కడినుంచి తోట దగ్గరే. సందర్శకులు వెళ్ళి మహామర్రిని చూసి, ఊడలు లెక్కపెట్టి తిరిగివస్తారు. ఆ ఆవరణలోనే ఉన్న కేంద్ర జాతీయ హెర్బేరియంలో సుమారు 20 లక్షల ఎండుమొక్కలు బీరువాలలో పడుకొని ఉన్నాయని చాలామందికి తెలియదు.

ఎండుమొక్క అనగానే పుస్తకంలో దాచుకున్న గులాబీ రెక్క మనసుకు వస్తుంది. హెర్బేరియం నమూనా అంతకంటె చాలా క్రమశిక్షణ గలది. పువ్వుగాని కాయగాని, వీలైతే రెండూగాని ఉన్న కొమ్మను కోయాలి. పాత వార్తాపత్రికల నడుమ పరచి, చెక్కపలకల మధ్య బిగించి అదమాలి. తడి కాగితాలు తీసి పొడివి పెట్టడం రోజూ జరగాలి. ఒక్కరోజు బద్ధకించినా వానాకాలంలో బూజు పడుతుంది. పోక్‌వీడ్ వంటి రసభరితమైన కాడ గల మొక్క ఈ విషయంలో సేకర్తల ఓర్పును పరీక్షిస్తుంది. పూర్వం పురుగు పట్టకుండా పాదరసపు లవణం కలిపిన ద్రావకంలో ముంచేవారు. అందుకే పాత నమూనాలను నేటికీ జాగ్రత్తగా పట్టుకుంటారు. ఆ తరువాత సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు గల దళసరి కాగితానికి కుట్టడమో, అంటించడమో చేస్తారు. 16వ శతాబ్దిలో ఇటలీలో లూకా గీనీ అనే వైద్యాచార్యుడు తన శిష్యులకు నేర్పిన పద్ధతిలో నేటికీ పెద్ద మార్పు లేదు.

కాని ఆ కాగితం విలువంతా కుడివైపు కింది మూలన అంటించే చిన్న చీటీలో ఉన్నది. మొక్క పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు, వారి వరుస సంఖ్య, నేల ఎటువంటిది, ఎత్తు ఎంత, పువ్వు ఏ రంగు. ఎండితే రంగు పోతుంది గనుక ఈ చివరిది తప్పనిసరి. చీటీ లేని కొమ్మ కేవలం గడ్డి. చీటీ ఉన్న కొమ్మ దస్తావేజు.

అటువంటి దస్తావేజులు ప్రపంచంలో సుమారు 3,500 హెర్బేరియంలలో దాదాపు 40 కోట్లు ఉన్నాయి. అమెరికా ఖండాలనుంచి సేకరించిన పోక్‌వీడ్ జాతుల కాగితాలను ఒకచోట చేర్చి చూస్తే, ఏ ఒక్క సేకర్తకూ తెలియని కథ బయటపడుతుంది. సాధారణ పోక్‌వీడ్ కెనడా ఆగ్నేయపు అంచునుంచి మెక్సికో ఈశాన్యం వరకు వ్యాపించింది. మరొక జాతి మెక్సికో కొండలనుంచి దక్షిణ అమెరికాలోకి దిగుతుంది. వేరొకటి ఆండీస్ పర్వతాల చల్లని ఎత్తులను కోరుకుంటుంది. ఇంకొకటి మధ్య అమెరికానుంచి బ్రెజిల్ వరకు వాన అడవులలో, చెట్టు కూలి వెలుతురు పడిన చోట ముందుగా మొలుస్తుంది. పక్షులు పండ్లు తిని గింజలను మోసుకుపోతాయి. కదిలిన నేల, కాలిన నేల, బాట ఒడ్డు, ఇంటి వెనుక పెంటదిబ్బ ఇవే వాటికి ప్రీతి. మనిషి నేలను కెలికిన చోటల్లా ఈ కుటుంబం వచ్చి కూర్చుంటుంది. రైలుకట్ట మొక్కల స్వభావమూ ఇదే.

పేర్ల తగాదాలు కూడ ఈ కాగితాల ముందే తీరాలి. లిన్నేయస్ ఒక పోక్‌వీడ్‌కు ఎనిమిది కేసరాలు ఉన్నాయని ఆక్టాండ్రా అనీ, మరొకదానికి ఇరవై ఉన్నాయని ఐకోసాండ్రా అనీ పేర్లు పెట్టాడు. తరువాతి కాలంలో వందలకొద్దీ నమూనాలు పోగయ్యేసరికి, కేసరాల సంఖ్య అంత నిలకడైనది కాదని తేలింది. దానితో కొందరు శాస్త్రజ్ఞులు ఆ రెండూ ఒకే జాతి అన్నారు, మరికొందరు కాదంటున్నారు. వాదించేవారు ఎవరైనా చివరకు బీరువా తలుపు తీసి, ఆ పువ్వును వేడినీటిలో నానబెట్టి లెక్కపెట్టవలసినదే. రెండున్నర శతాబ్దాల కిందటి వాదానికి సాక్షిని నేడు కూడ పిలిపించి ప్రశ్నించగలిగే న్యాయస్థానం మరొకటి నాకు తెలియదు.

అట్లని సాక్షి చెప్పినదంతా గుడ్డిగా నమ్మరాదు. సేకర్తలు బాటలు, నదులు, రైలుదారులు పట్టుకొని నడిచారు. పటం మీద చుక్కలు దట్టంగా ఉన్నచోట మొక్కలు ఎక్కువ అనుకుంటే పొరపాటు కావచ్చు, అక్కడ కాలేజీ ఉండి ఉండవచ్చు. చుక్క లేనిచోట మొక్క లేదనీ కాదు. అటు ఎవరూ పోలేదని మాత్రమే అర్థం.

ఆండీస్ పర్వతాల పోక్‌వీడ్‌కు బొగోటా నగరం పేరు పెట్టారు. ఆ ప్రాంతాలలో తిరిగి వేలకొద్దీ మొక్కలు సేకరించినవారు జర్మనీకి చెందిన హంబోల్ట్, ఆయన ఫ్రెంచి మిత్రుడు ఎమే బోఁప్లాఁ. 1799 మొదలు 1804 వరకు సాగిన ఆ యాత్ర పుణ్యమా అని హంబోల్ట్ జగత్ప్రసిద్ధుడైనాడు. బోఁప్లాఁ గతి వేరు. నెపోలియన్ భార్య జోసెఫీన్ ఉద్యానానికి అధికారిగా కొంతకాలం ఉండి, ఆమె మరణించాక దక్షిణ అమెరికాకు తరలిపోయాడు. 1821లో పరాగ్వే నియంత ఫ్రాన్సియా సైనికులు ఆయనను పట్టుకుపోయి ఏళ్ళ తరబడి నిర్బంధంలో ఉంచారు. విడుదలైనా ఐరోపాకు తిరిగి పోలేదు. అక్కడే వైద్యం చేసుకుంటూ, మొక్కలు ఎండబెట్టుకుంటూ 1858లో కన్నుమూశాడు. ఆరేళ్ళ తరువాత, 1864లో, బయ్యోఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దక్షిణ అమెరికా మొక్క ఒకదానికి ఆయన స్మృతిగా క్రోటన్ బోఁప్లాఁడియానుమ్ అని నామకరణం చేశాడు.

ఆ మొక్కే ఖరగ్‌పూరు ప్లాట్‌ఫారం చివర నేను చూసిన బన్‌తులసి.

అర్జెంటీనా, పరాగ్వే ప్రాంతాలలో పుట్టిన ఆ మొక్క నేడు బెంగాలులోను, ఆంధ్రలోను రైలుపట్టాల పొడవునా కనిపిస్తుంది. కాయ ఎండి ఫట్‌మని పగిలి గింజలను చిమ్ముతుంది. కంకర నడుమ నీరు నిలువదు, ఎండ మండుతుంది, పశువులు మేయవు. మరొక మొక్క బ్రతకలేని ఆ చోటు దీనికి స్వర్గం. ఇది ఏ సంవత్సరం ఏ స్టేషను దాటిందో చెప్పగలిగేది టిక్కెట్టు కలెక్టరు కాదు, ఆ దారిన కొమ్మ కోసి తేదీ వ్రాసిన సేకర్తే.

పేరు మోసం చేస్తుందన్నాను. దానికి ప్రాణాంతకమైన ఉదాహరణ మూడవ మొక్క. బ్రహ్మదండి అనగానే ఋషుల కాలపు మూలిక అనిపిస్తుంది. దాని కాడ విరిస్తే పసుపుపచ్చని పాలు కారుతాయి గనుక స్వర్ణక్షీరి అనే పాత సంస్కృత నామాన్ని కూడ దానికి తగిలించారు. కాని ఇది మెక్సికో ప్రాంతపు మొక్క. శాస్త్రనామంలోనే మెక్సికానా అని ఉన్నది. ఐరోపా ఓడలు మహాసముద్రాలు దాటకముందు ఇక్కడ దాని పొడ లేదు. ప్రాచీన గ్రంథాల స్వర్ణక్షీరి మరేదో మొక్క అయి ఉండాలి. వట్టి పేరును నమ్మి మందు నూరేవారు ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

మందుకంటె నూనెలో ప్రమాదం ఎక్కువ. దీని గింజ నల్లగా, గుండ్రంగా ఆవగింజను పోలి ఉంటుంది. ఆవచేలో పెరిగి, ఆవాలతో కలిసి గానుగకు చేరితే ఆ నూనె తిన్నవారికి కాళ్ళు వాచి, ఊపిరాడక, గుండె దెబ్బతింటుంది. ఆవనూనె లేనిదే వంట సాగని బెంగాలులో ఈ వ్యాధి 19వ శతాబ్దినుంచి పలుమార్లు తలెత్తింది. మొదట అది అంటువ్యాధి అనుకున్నారు. బియ్యాన్ని అనుమానించారు. ఈ నూనె మీద నేరం రుజువు కావడానికి దశాబ్దాలు పట్టింది. 1998లో ఢిల్లీలో కల్తీ ఆవనూనె వల్ల అరవైమందికి పైగా మరణించారు. గింజను చూసి ఇది ఆవగింజా, బ్రహ్మదండి గింజా అని తేల్చవలసి వచ్చినప్పుడు, సరిగా పేరు నిర్ణయమైన నమూనా పోలికకు దగ్గర ఉండడం చావుబ్రతుకుల విషయం.

ఇక వయ్యారిభామ మీద ఉన్న వ్యాజ్యం. మన పల్లెలలో దీని చరిత్ర అందరికీ కంఠస్థం. అమెరికావాడు మనకు పి.ఎల్. 480 పథకం కింద గోధుమలు పంపాడు, ఆ గోధుమలలో ఈ గింజ వచ్చింది. కాంగ్రెసు ప్రభుత్వ కాలంలో వచ్చింది గనుక కాంగ్రెసు గడ్డి. రచ్చబండ మీద విన్నాను, పత్రికలలో చదివాను, నేను కూడ ఒకరిద్దరికి ధీమాగా చెప్పి ఉంటాను.

ఈ వ్యాజ్యంలో కాగితాలు చూద్దాం. పూణే ప్రాంతంలో ఈ మొక్క కనిపించిందని, ఇది మన దేశానికి కొత్తదని, 1956లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించినవారు ఆర్.ఎస్. రావుగా శాస్త్రలోకం ఎరిగిన రోళ్ళ శేషగిరిరావు. మూడు దశాబ్దాల తరువాత, 1986లో, శ్రీకాకుళం జిల్లా వృక్షజాలంపై మరొకరితో కలిసి గ్రంథం వ్రాసినవారూ ఆయనే. ఖరగ్‌పూరు తెలుగువారిలో అనేకుల స్వస్థలం ఆ సీమే కదా!

మరి పి.ఎల్. 480 కింద భారతదేశంతో మొదటి ఒప్పందం జరిగినది ఎప్పుడు? 1956 ఆగస్టులో. అంటే ఆ గోధుమలు ఓడ ఎక్కకముందే మొక్క పూణేలో పూత పట్టింది. వెంటనే ఫిర్యాదుదారుల తరఫున ఒక మాట చెప్పాలి. 1951లోనే అమెరికా ఋణంగా ఇచ్చిన గోధుమలు మన రేవులకు చేరాయి. కనుక గోధుమల మీది అనుమానం కొట్టివేయదగినది కాదు, పథకం పేరు, సంవత్సరమే తారుమారైనవి.

అయితే 1978లో ముగ్గురు వృక్షశాస్త్రజ్ఞులు మరొక కాగితాన్ని బయటికి తీశారు. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ హెర్బేరియంలో ఇదే మొక్క ఎండి ఉన్నది. చీటీ మీది సంవత్సరం 1880! పి.ఎల్. 480 లేదు, కాంగ్రెసు పార్టీయే లేదు. కాంగ్రెసు పుట్టినది 1885లో. ఇంకా వెనుకకు పోతే, శిబ్‌పూరు తోటలోని మొక్కల జాబితాను 1814లో శ్రీరాంపూరు ముద్రణాలయంలో అచ్చువేశారు. రాక్స్‌బరో కూర్చిన ఆ జాబితాలో ఈ పేరు కనబడుతుంది. ఈ సంగతిని తరువాతి శాస్త్రజ్ఞులు గుర్తించారు. తోటలో పెంచిన మొక్క గోడ దాటి పారిపోయిందని దానివల్ల రుజువు కాదు. కాని అది దేశంలో తొలిసారి కాలు పెట్టినది 1950లలో అన్న మాట మాత్రం నిలువదు.

నాకు తోచిన తీర్పు ఇది. మొక్క ముందే వచ్చింది, ఏ మూలనో అణగి ఉన్నది. 20వ శతాబ్ది నడుమ విస్తారంగా గింజలు కొత్తగా దిగుమతి అయి ఉండవచ్చు. ధాన్యం బస్తాలతోను, లారీ చక్రాలతోను, రైలు పెట్టెలతోను అవి ఊరూరా చేరి ఉండవచ్చు. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, ఇక ఆపేదెవరు? దాని పుప్పొడికి ఉబ్బసం, ఆకు రాపిడికి చర్మవ్యాధి కలుగుతున్నాయి. పైరు తగ్గిపోతున్నది. దానిని తినే మెక్సికో పెంకుపురుగును తెచ్చి 1984లో బెంగుళూరు వద్ద విడిచిపెట్టారు. అది వానాకాలంలో ఆకులను జల్లెడ చేస్తుంది గాని కలుపును మాత్రం నిర్మూలించలేకపోయింది. మొక్క ఏ దేశపు ఏ ప్రాంతంనుంచి వచ్చిందో తెలిస్తేనే దాని సహజ శత్రువును ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కనుక ఈ పుట్టుపూర్వోత్తరాల విచారణ వట్టి పండితవినోదం కాదు.

సేకర్తలు ఊహించని ప్రశ్నలకు కూడ ఈ కాగితాలు జవాబిస్తున్నాయి. బోస్టన్‌లోని ఆర్నాల్డ్ వృక్షవనంలో పాత నమూనాల పూత తేదీలను నేటి చెట్ల పూతతో పోల్చారు. 20వ శతాబ్ది మొదటి రెండు దశాబ్దాలకంటె చివరి రెండు దశాబ్దాలలో చెట్లు సగటున 8 రోజులు ముందుగా పూస్తున్నట్లు 2004లో ప్రకటించారు. 1845లో ఐర్లండును కరవులో ముంచిన బంగాళాదుంప తెగులు ఏ రకం సూక్ష్మజీవిదో, నాటి ఎండుటాకులలో మిగిలిన జన్యుపదార్థాన్ని చదివి 2013లో నిర్ణయించారు. ఆ ఆకు కోసినవారికి జన్యువు అనే మాట కూడ తెలియదు.

ఇంత సాక్ష్యం చెప్పే భాండాగారాలకు భద్రత మాత్రం తక్కువ. 1943 మార్చిలో బెర్లిన్ హెర్బేరియం బాంబులకు తగులబడి, అనేక జాతుల మూలనమూనాలు బూడిదయ్యాయి. అది యుద్ధం. 2024 ఫిబ్రవరిలో, పోక్‌వీడ్ పుట్టిన ఉత్తర కెరొలినాలోనే, డ్యూక్ విశ్వవిద్యాలయం సుమారు 8,25,000 నమూనాలున్న తన హెర్బేరియాన్ని మూసివేయనున్నట్లు ప్రకటించింది. యుద్ధం లేదు, ఉప్పెన లేదు. స్థలానికి, సిబ్బందికి అయ్యే ఖర్చు భారమని తోచింది. నూరేళ్ళ సేకరణను ఇతరులు పంచుకొని బీరువాలు వెతుక్కోవలసిన పరిస్థితి వచ్చింది. ఈ వార్త చదివినప్పుడు నాకు కోరంగి ఉప్పెన జ్ఞాపకం వచ్చింది. అది ఎవరి చేతిలోను లేనిది, ఇది మనుషులు కూర్చొని తీర్మానించినది.

ప్లాట్‌ఫారం చివర నిలబడి నేను చూసిన మొక్కల వయసు ఒకటి రెండు సంవత్సరాలు ఉంటుంది. వాటి పూర్వుల రాక మాత్రం ఆ పక్కనే వర్క్‌షాపులో పనిచేసిన తెలుగువారి రాక వంటిదే. వచ్చినవారి పేరు, ఊరు, తేదీ రైల్వే కంపెనీ రిజిస్టర్లలో ఎక్కాయి. మొక్కలకు ఆ రిజిస్టరు వ్రాసేవారు వేరే ఉండాలి. ఆ పనికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక బడి పిల్లలు, ఒక మాస్టారు, పాత పత్రికల కట్ట, రెండు చెక్కపలకలు, కాస్త తాడు చాలు. పట్టాల మీదికి పోనక్కరలేదు, పోరాదు కూడ. బడి ప్రహరీ పక్కనా, మైదానం అంచునా ఇవే మొక్కలు దొరుకుతాయి. వయ్యారిభామను మాత్రం చేతికి గుడ్డ చుట్టుకొని కోయాలి.

బండి వచ్చే వేళకు నేను ఒక బన్‌తులసి కొమ్మను నాటి దినపత్రిక మడతలో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చాక పదిరోజులు కాగితాలు మార్చాను. కంకి కింది భాగాన రెండు కాయలు మిగిలాయి, ఒకటి ఎండుతూ పగిలి గింజను మంచం కిందికి విసిరింది. దళసరి కాగితానికి అంటించి, మూలన చీటీ వ్రాశాను. క్రోటన్ బోఁప్లాఁడియానుమ్. ఖరగ్‌పూరు, పశ్చిమ మేదినీపూరు జిల్లా, పశ్చిమ బెంగాలు. ప్లాట్‌ఫారం వాలు పక్కన, కంకర కలిసిన ఎర్రమట్టి. ఎత్తు మోకాలి వరకు. పూలు తెలుపు. స్థానిక నామం బన్‌తులసి. కింద తేదీ వేసి, సేకరించినవారి వరుస సంఖ్య అన్నచోట 1 అని వ్రాశాను.